పాయింట్ ముప్పై రెండు

ఆఫీసులో ఎవరైనా మీ హాబీలేంటండీ అని అడిగితే నేను సినిమాలనో క్రికెట్టనో చెప్పి తప్పించుకుంటాను. నిజం చెప్తే తర్వాత వచ్చే ప్రశ్న నాకు బాగా తెలుసు. "మీదే ఊరు?" అంటారు. నంద్యాల అంటే ఒకసారి తలెత్తి చూస్తారు. నంద్యాల దగ్గర ఆళ్ళగడ్డ అనగానే, "ఓహో, అదీ సంగతి!" అని టాటా సుమోల జోకొకటి వేస్తారు. ఆళ్ళగడ్డలో రాతిని దేవుళ్ళుగా చెక్కే శిల్పులున్నారు, పక్కనే అహోబిలం ఉంది అంటే ఎవరూ వినరు. పాపం వాళ్ళ తప్పు కాదు. 1999 నుంచి ఓ అయిదారేళ్ళ పాటు వరసగా వచ్చిన సినిమాలు మా ప్రాంతానికి చేసిన బ్రాండింగ్ అలాంటిది.

సరే, దాచుకోవటం ఎందుకు, ఇక్కడ చెప్పేస్తాను. నాకు తుపాకులంటే ఇష్టం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే తుపాకి కంటే తూటా అంటే ఇష్టం. అందులోనూ ఒకే ఒక్క తూటా: .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. మన దేశంలో లైసెన్సు రివాల్వరు ఎవరి దగ్గరున్నా చాలావరకు అందులో ఉండేది ఇదే. బయటి ప్రపంచంలో మాత్రం దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. మరి ఇందులో ఏముందని అంత ఇష్టం అంటారా? అదే చెప్పబోతున్నా. కోడు రాసుకుని బతికేవాళ్ళకి ఇది తొందరగానే అర్థమవుతుందని నా నమ్మకం.

ముందు ఒక మాట. తూటా అంటే బయటికి ఎగిరిపోయే గుండు ఒక్కటే కాదు. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున చిన్న క్యాపు, ముందర సీసపు గుండు, ఈ నాలుగూ కలిసిన ప్యాకేజీ అది. మా .32లో గొట్టం పొడవు సుమారు 23.4 మిల్లీమీటర్లు. అడుగున గొట్టం కంటే కొంచెం వెడల్పుగా ఒక అంచు ఉంటుంది. రివాల్వరు చక్రంలోని గదిలోకి తూటాని జారవిడిస్తే ఆ అంచు దగ్గర ఆగిపోతుంది. ఈ అంచుని గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీంతో పనుంది.

ఇది 1896లో పుట్టింది. అంతకుముందు 1878 నుంచి .32 స్మిత్ అండ్ వెసన్ అనే పొట్టి తూటా ఉండేది. దాన్నే పొడుగు చేసి కొత్త రివాల్వరుతో పాటు విడుదల చేశారు. పేరులో .32 అని ఉన్నా గుండు అసలు వ్యాసం అంగుళంలో 0.312 దాకా మాత్రమే. ఇక పోటీ కంపెనీ కోల్ట్ వాళ్ళు ఇదే తూటాకి తగ్గట్టు రివాల్వర్లు చేశారు గానీ, తమ తుపాకి మీద పక్కవాడి పేరు కొట్టటానికి మనసొప్పలేదు. గుండు ముక్కుని కాస్త చదును చేసి .32 కోల్ట్ న్యూ పోలీస్ అని పేరు పెట్టేశారు. ఒకటే ఫార్మాటు, రెండు పేర్లు! సాఫ్ట్‌వేర్లో ఉన్నవాళ్ళకి ఇలాంటి నాటకాలు కొత్త కాదు కదా.

అమెరికాలో పోలీసులు కొన్నేళ్ళు .32లు వాడారు. ఆ తర్వాత .38 వచ్చింది, ఇంకా పెద్దవి వచ్చాయి, పాపం .32 మూల పడింది. "దీనికి దెబ్బ చాలదు" అన్నారు. మాట నిజమే. ఇందులో పీడనం చాలా తక్కువ, అమెరికన్ ప్రమాణాల ప్రకారం చదరపు అంగుళానికి 15,000 పౌండ్ల లోపు. అయితే అందువల్లే చేతికి కుదుపు తక్కువ, గురి బాగా కుదురుతుంది. వీటికి అభిమానులు తక్కువే గానీ ఉన్నవాళ్ళు మాత్రం గట్టివాళ్ళు. మన దగ్గర పాత యమహా ఆర్ఎక్స్ హండ్రెడ్ వాళ్ళుంటారు చూడండి, అలాంటి జాతి.

ఈ జాతివాళ్ళ కోసమే 1984లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నం అనే తూటా వచ్చింది. అదే వ్యాసం, గొట్టం మాత్రం 27.3 మిల్లీమీటర్లు. ఆ తర్వాత 2007-08లో ఫెడరల్ కంపెనీ, రూగర్ కంపెనీ కలిసి .327 ఫెడరల్ మాగ్నం తెచ్చాయి. గొట్టం 30.5 మిల్లీమీటర్లు, పీడనం ఏకంగా 45,000. అంటే మా పెద్దాయనకి మూడింతలు. గుండు బరువు ఇంచుమించు అంతే.

ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది. .327 కోసం చేసిన రివాల్వరులో పాత .32లన్నీ పేలుతాయి. 1878 నాటి పొట్టిది, 1896 నాటి పొడుగుది, 1984 నాటి మాగ్నం, అన్నీ! ఇందాక చెప్పిన అంచే దానికి కారణం. తూటా ఎంత పొడవున్నా అంచు దగ్గరే ఆగుతుంది కాబట్టి కొట్టాల్సిన చోట క్యాపు ఉంటుంది. నూట ముప్పై ఏళ్ళ బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అన్నమాట. మనం రాసిన సర్వీసు మూడేళ్ళు నిలిస్తే పార్టీ చేసుకుంటాం.

అదే పాత రివాల్వరులో కొత్త తూటా దూరుతుందా అంటే, దూరదు. గొట్టం పొడవెక్కువ, పాత గది చివర్లో సన్నబడుతుంది, అక్కడ అడ్డు తగులుతుంది. ఇది అనుకోకుండా జరిగింది కాదు, కావాలనే పొడవు పెంచారు. 15,000 కోసం చేసిన పాత ఇనుములో 45,000 పేలితే తుపాకి పట్టుకున్నవాడి చేతులు మిగలవు. బోర్డు పెట్టి హెచ్చరించటం కంటే అసలు పట్టకుండా చేయటం మేలని ఎవరో ఆలోచించారు. మంచి ఇంజనీరు చేసే పని అదే. యూజరు మాన్యువల్ చదవడని అతనికి తెలుసు.

అమెరికాలో కస్టం కన్వర్షన్లు చేసే పనివాళ్ళు సరిగ్గా ఈ చోటే చెయ్యి పెడతారు. రూగర్ సింగిల్ సిక్స్ లాంటి గట్టి రివాల్వరు తీసుకుని, దాన్ని మాగ్నం తూటాలకి తగ్గట్టు మారుస్తారు. కొందరు కొత్త చక్రమే చేసి బిగిస్తారు. ఒక్కో దానికి నెలల తరబడి వెయిటింగ్ లిస్టు. అక్కడ లైసెన్సు పొందిన వృత్తి అది. ఆ ఫోటోలు చూస్తుంటే నాకు ఆళ్ళగడ్డ శిల్పుల పనితనమే గుర్తొస్తుంది. చేసే పని వేరు, చేతిలో ఉన్న ఓపిక మాత్రం ఒకటే.

ఇక మన దేశానికొద్దాం. అసలు కథ ఇక్కడుంది.

మన దగ్గర మామూలు పౌరుడికి .38 రివాల్వరు ఎందుకివ్వరు, .32నే ఎందుకిస్తారు? ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద నిబంధనలు 1962లో వచ్చాయి, 2016లో వాటిని తిరగరాశారు. అందులో నిషిద్ధ బోర్ల జాబితా ఒకటుంది. ఆ రాత పద్ధతి చూస్తే మీరూ నాలాగే నవ్వుకుంటారు. ఫలానా కంపెనీది, ఫలానా మోడలు అని ఉండదు. సైన్యం వాడే .380, .455, 9 ఎంఎం లాంటి తూటాలు ఏ ఆయుధంలో పట్టి పేలతాయో, దాని బోరు ఏదైనా సరే, అది నిషిద్ధం. డక్ టైపింగ్! నీ క్లాసు పేరేంటో నాకనవసరం, నువ్వు ఏ మెసేజికి పలుకుతావో అదే నువ్వు. మా .32 గదిలో .380 దూరదు, లావెక్కువ. కాబట్టి .32 పాసైపోయింది.

అంటే మన దేశంలో .32 బతికుండటానికి కారణం దాని గొప్పతనం కాదు. సైన్యం తూటా దాంట్లో పట్టకపోవటం.

ఈ ఆలోచన ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచి ఉంది. 1857 తర్వాత వాళ్ళకి పట్టుకున్న భయం 1878లో ఆయుధాల చట్టం అయింది. ఆ తర్వాత వాళ్ళ బెంగ ఏమిటంటే, సైన్యం గోదాముల్లోంచి దొంగిలించిన తూటాలు బయటి తుపాకుల్లో పట్టకూడదు. 1900ల మొదట్లో .450 బోరు మీద ఆంక్ష పెడితే, ఏనుగుల్నీ పులుల్నీ వేటాడే దొరల కోసం ఇంగ్లండు కంపెనీలు అప్పటికప్పుడు .470, .465 లాంటి కొత్త కొలతలు పుట్టించాయి. సైన్యం వాడే .303 కుదరదంటే ఆస్ట్రియా వాళ్ళ 8 మిల్లీమీటర్ల తూటాని తెచ్చుకున్నారు. ఈనాటికీ మన ఊళ్ళల్లో కనిపించే .315 రైఫిలు తూటా అదే. పాత .303 రైఫిళ్ళనే .410 నునుపు గొట్టం మస్కెట్లుగా మార్చి పోలీసులకి, కాపలాదార్లకి ఇచ్చారు. ఇవన్నీ కన్వర్షన్లే. చేసింది మాత్రం అభిరుచి ఉన్నవాళ్ళు కాదు, భయపడ్డ ప్రభుత్వం.

మా .32 కూడా ఆ వరసలోదే. కాన్పూరు ఆయుధ కర్మాగారంలో తయారయ్యే .32 రివాల్వరు చూడండి. దాని తాతగారు వెబ్లీ మార్క్ ఫోర్, రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషు సైన్యం వాడిన .38. అదే అమరిక, అలాగే పైన గొళ్ళెం తీస్తే మధ్యకి విరిగి తెరుచుకుంటుంది. లోపల గదులు, గొట్టం మాత్రం .32కి. అంటే బండి చట్రం పెద్దది, ఇంజను చిన్నది. అమెరికావాడు .32 తుపాకి తీసుకుని పైకి మారుస్తాడు, మన ప్రభుత్వం .38 నమూనా తీసుకుని కిందికి మార్చింది. ఒకడిది ఇంకా కావాలనే కోరిక, ఇంకొకరిది చాల్లే అనే జాగ్రత్త. నాకు ఈ తూటా మీద ఇంత మోజు ఎందుకో ఈ ఒక్క మాటలో ఉంది. లోహాన్ని చూస్తే మనుషుల ఆలోచన కనిపిస్తుంది.

1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారులకి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. కాబట్టి కొత్తది కావాలంటే ఎంతో కాలం కాన్పూరే దిక్కు. 2014 జనవరిలో ఆడవాళ్ళ కోసమని టైటానియం మిశ్రమంతో అర కిలో బరువున్న "నిర్భీక్" తెచ్చారు. ధర అక్షరాలా 1,22,360 రూపాయలు. అప్పట్లో కొత్త మారుతి కారులో సగం అన్నమాట. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టాక, కాన్పూరు కంపెనీ 2023 ఆగస్టులో "ప్రబల్" అని ఇంకొకటి విడుదల చేసింది. చక్రం పక్కకి తెరుచుకుంటుంది, దూరం ఎక్కువ అన్నారు. తూటా? అదే .32 లాంగ్. 1896 నాటిది, 127 ఏళ్ళ తర్వాత కొత్త ప్రోడక్టులో!

మరి మన దగ్గర .32ని .327గా మార్చుకుంటే? ఈ ప్రశ్న నన్ను ఒకరిద్దరు మిత్రులు అడిగారు కూడా. నాయనా, ఆ ఊసెత్తకండి. చట్టంలో అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకిని తయారు చేయటమే కాదు, మార్చటం, రిపేరు చేయటం, పరీక్షించటం కూడా నేరమే. 2019 సవరణ తర్వాత అనుమతి లేకుండా చేసే తయారీకి, మార్పులకి కనీసం ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. అసలు ఆ కాన్పూరు ఇనుము అంత పీడనానికి చేసింది కాదు. చట్టం సంగతి తర్వాత, ముందు వేళ్ళు పోతాయి. నాలాంటివాడికి కన్వర్షన్ అంటే చదువుకుని ఆనందించే విషయం, అంతే.

ఇప్పటిదాకా చెప్పింది ఏ ఊరివాడైనా చెప్పగలడు. మా ఊరివాడు మాత్రమే చెప్పగలిగేది ఇంకొంచెం ఉంది.

సినిమాల్లో చూపించినట్టు మా దగ్గర ఫ్యాక్షన్ అంటే రివాల్వర్లు కాదు. ఎక్కువ ప్రాణాలు తీసింది నాటుబాంబులు, వేటకొడవళ్ళు. రివాల్వరు చంపటానికి కంటే చూపించటానికే ఎక్కువ పనికొచ్చింది. లాల్చీ కింద నడుం దగ్గర చిన్న ఎత్తు కనిపిస్తే చాలు, పెళ్ళిలో కుర్చీ ముందు వరసలోకి వస్తుంది. ఆఫీసులో పని పది నిమిషాల్లో అవుతుంది. లైసెన్సు ఉందంటే కలెక్టరు దాకా పలుకుబడి ఉన్నట్టు లెక్క. ఇది ఇవాళ్టిది కాదు. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాక, కలెక్టరుగా వచ్చిన మన్రో మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి పాళెగాళ్ళ బలం, వాళ్ళ కట్టుబడి బంట్లు, ఆయుధాలు తగ్గించటం. ఆళ్ళగడ్డకి దగ్గరలోనే ఉయ్యాలవాడ. అక్కడి నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆయుధం పోవటమంటే పరువు పోవటమే అనే లెక్క మా నేలలో ఎంత లోతుకి దిగిందో చెప్పటానికి ఇదంతా.

మా నాయన ఫ్యాక్షన్ మనిషి కాదు. పత్తి, విత్తనాల వ్యాపారం. తొంభైల్లో నంద్యాల మార్కెట్లో సరుకు దింపి, సాయంత్రం డబ్బు సంచీతో శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డకి వచ్చేవాడు. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి, అప్పుడు ఇంత హైవే లేదు. దారిలో ఒకటి రెండు దోపిడీలు అయ్యాక 1998లో లైసెన్సు తీసుకుని కాన్పూరు .32 కొన్నాడు. నాకంటే కొన్ని నెలలు చిన్నది అది. దసరాకి ఆయుధపూజలో అంగడి కాటా, స్కూటరు తాళాలు, పక్కన అది, అన్నింటికీ కుంకుమ బొట్లు. తూటాలు తీసి ఆరూ వరసగా తమలపాకు మీద పెట్టేవాడు. నాకు లెక్కపెట్టటం వచ్చింది ఆ ఆరింటి మీదనే అని మా అమ్మ అంటుంది. తూటా మీద నా ఇష్టానికి మొదలు అదే అయ్యుండాలి.

ఇన్నేళ్ళలో నాయన దాన్ని ఒక్కసారి కూడా ఎవరి మీదా ఎత్తలేదు. తుడవటం, నూనె పెట్టటం, రెన్యువల్ కి తిరగటం, అంతే. 2022 ఏప్రిల్లో నంద్యాల కొత్త జిల్లా అయ్యాక తిరగాల్సిన దూరం తగ్గింది, అదొక సుఖం.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, 2016 నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుడికి డెబ్బై ఏళ్ళు నిండినా, ఆయుధం చేతికొచ్చి ఇరవై అయిదేళ్ళు అయినా, ఏది ముందయితే అది, తన వారసుల్లో ఒకరి పేరు చెప్పి వాళ్ళకి లైసెన్సు ఇవ్వమని అడగొచ్చు. ఇరవై అయిదేళ్ళు 2023లో నిండాయి. అప్పటి నుంచి పండక్కి ఇంటికెళ్ళినప్పుడల్లా ఇదే పాట.

"నీ పేరున రాయించుకో రా. ఇంగెవురికి ఇచ్చేది? నీకు దాని మీద ఆశ ఉండాది గదా, గంటలు గంటలు సదువుతాంటావు గదా దాని గురించి" అంటాడు నాయన.

మాట నిజం. దేశంలో ఆ రివాల్వరుని నా అంత ఇష్టంగా చూసుకునేవాడు ఇంకొకడు దొరకటం కష్టం. దాని గొళ్ళెం శబ్దం కూడా నాకు గుర్తే. నేను సరేనంటే ఒక ఫారం, పోలీసు విచారణ, ఒక భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు, అంతే, నాదైపోతుంది. అయినా నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో నాయనకి చెప్పటం చాలా కష్టమయింది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించాలి కదా. ఆ మాటే ఎత్తాను. "నాయనా, అన్నిటికంటే గొడవలయ్యేది ఎలక్షన్లప్పుడు. సరిగ్గా అప్పుడే అది నీ దగ్గర ఉండదు. 2017 ఉప ఎన్నికప్పుడు లేదు, 2019లో లేదు, 2024లో లేదు. మనకేమన్నా అయిందా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఇరవై అయిదేండ్లు నడుముకు పెట్టుకుంటి. ఒక్కనాడన్నా తీసినానా? తీయకుండా ఉండేదానికే రా అది."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ చీకటి దారిలో డబ్బు సంచీతో వచ్చింది ఆయన, నేను కాదు. ఆయన భయాన్ని ఇవాళ హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని కొలవటానికి నేనెవర్ని? అయితే మా అమ్మ వంటింట్లోంచి ఒక్క మాట అంది. "అది బీరువాలో ఉన్నన్నాళ్ళు ఇంట్లోకి కొత్త మనిషి వచ్చినా, చిన్నపిల్లోళ్ళు వచ్చినా నేను ముందు తాళం చూసుకుంటా. ఇరవై అయిదేండ్లుగా అదే పని నాది." మా ఇంట్లో ఆ తుపాకి కాపలా కాసింది నాయనకే కావచ్చు. తుపాకికి కాపలా కాసింది మాత్రం అమ్మ. రేపు అది నా దగ్గరికొస్తే ఆ తాళం ఎవరు చూసుకోవాలి? రేపు నా ఇంటికి వచ్చే అమ్మాయా?

"తూటా మీద ఇష్టం, తుపాకి వద్దు అంటావేంట్రా" అని నా రూమ్మేటు ఎగతాళి చేశాడు. వాడికి చెప్పిన జవాబే ఇక్కడా చెప్తాను. ఈ తూటాకి మన ఊళ్ళల్లో ఎవరికీ తెలియని ఇంకో జీవితం ఉంది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ అని ఒక పోటీ ఉంటుంది. 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల దాకా ఏ తూటా అయినా వాడొచ్చు, కానీ గురికాళ్ళు ఎక్కువమంది ఎంచుకునేది .32 లాంగే. గుండు ముందు భాగం గొట్టంతో సమానంగా, పూర్తి చదునుగా ఉంటుంది. దాన్ని వాడ్‌కటర్ అంటారు. కాగితం మీద పంచింగ్ మిషను కొట్టినట్టు గుండ్రటి చిల్లు పడుతుంది, స్కోరు లెక్కకి తగాదా ఉండదు. కుదుపు తక్కువ, పీడనం తక్కువ, "దెబ్బ చాలదు" అని తీసిపారేసిన గుణాలే అక్కడ బలం. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా ఈ పోటీలోనే 600కి 590 కొట్టి ప్రపంచ రికార్డుతో సమానంగా నిలిచి బంగారు పతకం తెచ్చాడు.

అరవై తూటాలు, అరవై చిల్లులు, ఎవరికీ ఏమీ కాలేదు. పోటీ అయ్యాక పిస్టలు పెట్టెలో, తూటాల లెక్క పుస్తకంలో. నాకు కావలసిన .32 ఇది. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది, శనివారాలు వెళ్తున్నాను. ఇప్పటికి ఎయిర్ పిస్టలే, పది మీటర్లే. స్కోరు చెప్పుకునేలా లేదు. సెంటర్ ఫైర్ దాకా రావాలంటే ఏళ్ళు పడుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. పర్లేదు. అక్కడ తుపాకి పట్టుకున్నవాడిని చూసి ఎవడూ కుర్చీ వదిలి లేవడు. నాకు ఆ సంగతే అన్నిటికంటే నచ్చింది.

ఇష్టం వేరు, హోదా వేరు అని విడగొట్టుకోవటం మా ప్రాంతంవాళ్ళకి అంత సులువు కాదు. ఎందుకంటే మా దగ్గర ఆ రెండూ ఒకే లాల్చీ కింద ఉంటాయి. నేను ఆ రివాల్వరు తీసుకుంటే నేనెంత సాంకేతికంగా మాట్లాడినా, అంచు, పీడనం, వెబ్లీ అని ఎన్ని చెప్పినా, ఊళ్ళో మాత్రం "ఫలానాయన కొడుకు కూడా పెట్టుకున్నాడంట" అనే ఒక్క వాక్యమే మిగులుతుంది. ఆ వాక్యం విని ఇంకెవడో లైసెన్సుకి అప్లికేషను పెడతాడు. దొరకనివాడు నాటుది వెతుక్కుంటాడు. ఒకడి భద్రత చూసి పక్కవాడికి భయం పుట్టటం, ఆ భయం చూసి మళ్ళీ వీడికి భయం పుట్టటం, ఇన్నేళ్ళూ మా ఊళ్ళని తిన్నది ఈ లూపే. దాన్ని నేనొక్కడినే బ్రేక్ చేస్తానని కాదు. ఇంకొకసారి తిరగటానికి నా పేరు ఇవ్వనంటున్నాను.

నాయన ఇంకా ఒప్పుకోలేదు. "చూద్దాం లే, ఈ రెన్యువల్ కానీ" అన్నాడు. నేను ఆయన్ని అప్పగించెయ్యమని కూడా అనలేదు. అది ఆయన సంపాదించుకున్నది, ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన ఇష్టం. నా తర్వాత నీకు అనే వరస మాత్రం ఆయనతో ఆగిపోవాలని నా కోరిక. తనకు అక్కర్లేదనుకున్న రోజు లైసెన్సున్న డీలరుకి అమ్మెయ్యొచ్చు, లేదా స్టేషన్లో డిపాజిట్ చేయొచ్చు. చట్టంలో రెండింటికీ దారి ఉంది.

నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ఎక్కడివాళ్ళయినా సరే, మీ ఇంట్లో కూడా నాయనదో తాతదో ఒక .32 బీరువాలో ఉండే ఉంటుంది. బెంగుళూరులోనో న్యూజెర్సీలోనో ఉన్న మీకు దాని గురించి ఆలోచించే తీరిక ఉండదు. పెద్దాయన పోయాక హడావుడిగా, ఏడుపుల మధ్య, ఎవరో బంధువు చెప్పినట్టు సంతకం పెట్టేస్తారు. అలా కాకుండా ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర ఒకసారి అడగండి, దీన్ని తర్వాత ఏం చేద్దామని. నాయన చెప్పేది పూర్తిగా వినండి. అమ్మని కూడా తప్పకుండా అడగండి, తాళం సంగతి ఆమెకే తెలుసు.